సేడం దాకా పోయొస్తామని

మేముండే రైల్వే క్వార్టరు వికారాబాదు స్టేషనుకు ఎంత దగ్గరంటే, గూడ్సు బండి పోతున్నప్పుడు గూట్లోని గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగేవి. నాయిన పాయింట్స్‌మన్. వచ్చే బండి ఏ లైను మీదికి పోవాలో చూసి, దానికి తగ్గట్టు పట్టాలు మార్చడం ఆయన పని. వికారాబాదు జంక్షను. ఒక దారి సికింద్రాబాదుకు, ఒక దారి తాండూరు మీదుగా వాడి జంక్షనుకు, ఇంకొకటి బీదరు వైపుకు. ఇన్ని దారులు కలిపిన మనిషి వాడి జంక్షను దాకా కూడా ఎన్నడూ పోలేదు.

1948లో పోలీస్ యాక్షన్ జరిగిన దినాల్లో కొన్నాళ్లు బండ్లు రాలేదు. నాకప్పుడు ఏడేళ్లుంటాయి. ఏం జరుగుతోందో ఎవరూ చెప్పేవారు కాదు. తలుపులు దగ్గరికి వేసుకొని పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. నాకు బాగా గుర్తున్నది గిన్నెలు మోగకపోవడం. నాయినకు డ్యూటీ ఉంది, పని లేదు. పొద్దున్నే నీలిరంగు చొక్కా తొడుక్కొని పోయి, సిగ్నల్ స్తంభం దాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్లీ నడిచేవాడు.

"గట్ల బయట తిరగకు, దినాలు మంచిగ లెవ్వు" అనేది అమ్మ.

"బండి రాకుంటె కాళ్లు నిలుస్తలెవ్వు" అనేవాడు నాయిన.

బండ్లు మళ్లీ నడిచాయి. ఏళ్లు గడిచాయి. మా జిల్లా ఒక రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రంలోకి పోయింది. తాండూరు అవతల రెండో మూడో స్టేషన్లు దాటితే వచ్చే సేడం వేరే రాష్ట్రం అయిపోయింది. నాయిన రిటైరయ్యేసరికి నేను వికారాబాదులోనే ఆడపిల్లల బడిలో టీచరుగా కుదిరాను. క్వార్టరు వదిలి స్టేషను వెనక వీధిలో రెండు గదుల ఇంట్లోకి మారాం. అక్కడ గిన్నెలు మోగవు. అయినా బండి కూత వినబడిందంటే నాయిన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "గిప్పుడొచ్చిందా గిది" అని తనలో తాను అనుకునేవాడు.

రిటైరైనవాళ్లకు రైల్వేవాళ్లు పాసు ఇచ్చేవారు. ఒక ఏడు ఆయన కాశీకి రాయించుకున్నాడు. మరొక ఏడు రామేశ్వరానికి. పాసు తెచ్చి ట్రంకుపెట్టెలో బట్టల మీద పెట్టేవాడు. గడువు తీరేదాకా అది అక్కడే ఉండేది. ఎందుకు పోలేదని అమ్మ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

నా సంగతి ఆయనకంటే మెరుగ్గా ఏమీ లేదు. పిల్లలకు గోడమీద పటం చూపిస్తూ నదులూ పర్వతాలూ చెప్పేదాన్ని. చెప్పిన వాటిలో నేను చూసింది మూసీ ఒక్కటే, అదీ పుట్టిన చోట సన్నటి ధార. బడి వదిలాక తిన్నగా ఇంటికి పోబుద్ధయ్యేది కాదు. ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చొని సాయంత్రం బండి వచ్చి పోయేదాకా చూసి, అప్పుడు లేచేదాన్ని. పెళ్లి మాటలు వచ్చేవి, పోయేవి. ఏదీ కుదరలేదని అమ్మకు దిగులు. నా దిగులు వేరు. పాతికేళ్లు దాటినా నేను చూసిన ఊళ్లు హైదరాబాదు, తాండూరు, మేనమామ ఉండే బషీరాబాదు, అంతే. కిటికీలోంచి ఎవరైనా అరటితొక్క పారేసి కళ్లముందే దూరమైపోతుంటే, వాళ్ల మీద కోపం వచ్చేది.

అరవైల నడుమ ఒక చలికాలం, శనివారం ఒంటిపూట బడి ముగుస్తుండగా స్టేషను నుంచి పోర్టరు వచ్చాడు.

"టీచరమ్మా, ఒక దొరసాని దిగింది. ఏం చెప్తుందో సమజైతలేదు. స్టేషను మాస్టరు సారు నిన్ను పిలుచుకరమ్మన్నడు."

నేను మిషను బడిలో చదువుకున్నదాన్ని. నా ఇంగ్లీషు మీద ఊళ్లో నాకంటే ఎక్కువ నమ్మకం ఉండేది.

ఆమెకు యాభై ఏళ్లుంటాయి. కత్తిరించిన నెరిసిన జుట్టు, ఎండకు ఎర్రబడిన ముక్కు, మగవాళ్లు వేసుకునేలాంటి మందపాటి బూట్లు. వీపుకు ఒక పెద్ద కాన్వాసు సంచి. దానికి రెండు భుజాలకూ రెండు పట్టీలు. అప్పటిదాకా అటువంటి సంచి నేను సిపాయిల దగ్గర తప్ప చూడలేదు. నాయిన అప్పటికే అక్కడున్నాడు. బండి వచ్చిందంటే ఆయన అక్కడ ఉండాల్సిందే. ఆమె దించిన సంచిని ఒక చేత్తో లేపి చూసి, "గిదేంది, ఇల్లంత ఎత్తుకొచ్చిందా" అన్నాడు.

ఆమెది హాలెండు. సింహళం నుంచి పడవలో రామేశ్వరం వచ్చి, దారిలోని పాత గుళ్లన్నీ చూసుకుంటూ ఇంత దూరం వచ్చింది. బొంబాయిలో ఓడ ఎక్కుతుంది. బండిలో ఎవరో ఈ కొండల్లో ఒక పాత గుడి, దాని దగ్గర ఒక నది పుట్టుక ఉన్నాయని చెప్తే, కిటికీలోంచి కొండలు కనబడగానే దిగేసింది.

"దిగాలని ముందు అనుకోలేదా?" అని అడిగాను.

"బండి ఆగింది. దిగాను" అంది. ఆమెకూ ఇంగ్లీషు పరాయి భాషే. ఒక్కో మాట వెతుక్కొని మాట్లాడేది. అందువల్ల నాకు అర్థమయ్యేది.

అనంతగిరికి నేను తీసుకుపోతానన్నాను. ఇంటికి పోయి చెప్తే అమ్మ ఆమెను తలనుంచి బూట్ల దాకా చూసి, ముందు కంచంలో అన్నం పెట్టింది. తర్వాత నాయినతో, "ఎవరో ఏమో. పిల్లనొక్కదాన్నే అడివిల పంపకు. నువ్వు గూడ పో" అంది. ఆ మాట అన్నందుకు అమ్మ తర్వాత చాలాసార్లు తనను తాను తిట్టుకుంది.

ముగ్గురం నడిచాం. కొండదారిలో టేకు ఆకులు ఎండి, కాలు పెడితే పెటపెటమనేవి. నాయిన పట్టాల మధ్య నడిచే అలవాటు కొద్దీ ముందు ముందు పోతూ, మలుపు దగ్గర నిలబడి మాకోసం చూసేవాడు. గుడి దగ్గర పూజారి, ఆమె లోపలికి రాకూడదేమో అని నసిగాడు. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతానని ఆమె నాతో చెప్పించింది. గడప బయటినుంచే పద్మనాభస్వామిని చూసింది. గుహలు చూసింది. మూసీ పుట్టే చోట నీళ్లు దోసిట్లో పట్టుకుంది. అన్నీ చూసింది కాని ఎక్కడా కూర్చోలేదు. మేము బండ మీద కూలబడి అటుకులు తింటుంటే, ఆమె నిలబడే తిని, సంచి భుజానికి వేసుకుంది.

దిగివచ్చేటప్పుడు నాయిన ఉండబట్టలేక, "ఎందుకు తిరుగుతున్నదో అడుగు బిడ్డా. ఇంట్ల ఎవ్వరు లేరా?" అన్నాడు.

అడిగాను. ఆమె నడుస్తూనే చెప్పింది. వాళ్ల చిన్న ఊళ్లో తల్లి మంచం పట్టింది. ఏళ్ల తరబడి ఈమే చూసుకుంది. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక ఒక పొద్దున లేచి తల్లికి కాఫీ పెట్టబోయి, పొయ్యి ముందు నిలబడిపోయిందట. ఆ వారంలోనే ఇల్లు అమ్మేసింది.

"దేవుడి కోసమా, గుళ్లు చూడ్డం?"

"కాదు. ఏ ఇంటికి పోయినా అక్కడ ఏదో పని నన్ను పిలుస్తున్నట్టు ఉంటుంది. పాత గుళ్లో నేను చెయ్యాల్సిన పని ఏదీ ఉండదు. అయినా, చూశారు కదా, అక్కడా కూర్చోలేకపోతున్నాను."

నాయినకు తెలుగులో చెప్పాను. కొండ దిగాక, "దొరసానీ అని పిల్వకు. చెల్లె అంట నేను" అన్నాడు. ఆమె కూడా నేను పిలిచే పిలుపు విని, అది ఆయన పేరనుకొని, "నాయినా" అనడం మొదలుపెట్టింది. తనకంటే ఎంతో పెద్దవాడు కాని మనిషిని ఆమె అట్లా పిలుస్తుంటే స్టేషను మాస్టరు మొహం పక్కకు తిప్పుకొని నవ్వాడు.

సోమవారం బడికి సెలవు. తాండూరులోనూ, దాని అవతల సేడంలోనూ గుళ్లున్నాయని చెప్పింది నేనే. సేడంలో రాజుల కాలంనాటి గుడి ఉందని బషీరాబాదు మేనమామ చెప్పగా విన్నాను. నాయిన ఆ ఏటి పాసు బొంబాయికి రాయించుకున్నాడు. ట్రంకుపెట్టె తెరిచి పాసు తీసి జేబులో పెట్టుకుంటుంటే అమ్మ చూసింది.

"సేడం దాక పోయొస్తం. సోమవారం పొద్దుమీకె వరకు వస్తం" అన్నాడు.

ఆ రాత్రే తాండూరు చేరి నాయిన పాత స్నేహితుడి ఇంట్లో దిగాం. ఆయనా రైల్వేలోనే పనిచేసి రిటైరయ్యాడు. నేను చాచా అనేదాన్ని. ఇంటి నిండా నాపరాళ్లే. నేల, గోడ, నీళ్ల తొట్టి, ఆఖరికి బట్టలుతికే బండ కూడా. తాండూరులో రాయికి కొదవేముంది. ఆయన భార్య చాచి మమ్మల్ని చూసి, "ఆవో బేటీ, అందర్ ఆవో" అంటూనే నా చెవి దగ్గరికి వచ్చి, "గీ అమ్మ ఏం తింటది? జొన్నరొట్టె తింటదా?" అని పరేషాన్ అయింది. ఆమె జొన్నరొట్టె, కందిపప్పు, వెల్లుల్లి కారం తిన్నది. కారానికి కళ్లనీళ్లు కారుతున్నా ఇంకో రొట్టె అడిగింది. చాచి ఆమె వీపు నిమిరింది.

ఆదివారం పొద్దున్నే భద్రేశ్వరుడి గుడికి తీసుకుపోయాం. అక్కడ సగం మంది కన్నడం మాట్లాడుతున్నారు. ఆమె చుట్టూ తిరిగి చూసి, "ఇది అంత పాతది కాదు" అంది.

నేను చెప్పగానే నాయిన నొచ్చుకున్నాడు. "కట్టడం కొత్తది కావచ్చు. దేవుడు పాతనే గద" అన్నాడు. ఆ మాట ఆమెకు చెప్తే, "నిజమే" అని మళ్లీ ఒకసారి చుట్టూ తిరిగి వచ్చింది.

మధ్యాహ్నం సేడం. బండి దిగగానే బోర్డు మీది అక్షరాలు వేరు, టీకొట్టు వాడి మాట వేరు. నేను చిన్నప్పుడు ఇది మా రాష్ట్రమే. ఇప్పుడు కూడా మా ఇంటి నుంచి సగం పూట ప్రయాణమే. అయినా పరదేశం వచ్చినట్టే అనిపించింది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

పంచలింగేశ్వరుడి గుడి ఊరి ఇళ్ల నడుమనే ఉంది. బయట మేకలు కట్టేసి ఉన్నాయి. లోపల చీకటి, చల్లదనం, వరసగా నల్లటి స్తంభాలు. కుమ్మరి సారె మీద తిప్పినట్టు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. నేను ఆమెతో కలిసి బొమ్మలు చూసుకుంటూ పోయి వెనక్కి తిరిగి చూస్తే నాయిన మొదటి స్తంభం దగ్గరే ఉన్నాడు. రెండు చేతులూ రాతి మీద ఆనించి నిలబడ్డాడు. ఎప్పుడూ మాకంటే ముందు నడిచే మనిషి.

"ఏమైంది నాయినా?"

"ఏం గాలే." రాతిని నిమురుతూ, "ఇంత పని చేసి ఈడ పెట్టిండ్రు. గింత దగ్గర. దినాం గీ దిక్కే బండ్లను తోలిన. ఒక్కనాడన్న ఎక్కి రాలె" అన్నాడు.

ఆమె ఏమన్నాడని అడిగింది. చెప్పాను. ఆమె ఆయన పక్కకు వచ్చి తనూ ఆ స్తంభానికి చెయ్యి ఆనించింది. బయటికి వచ్చాక నాయిన అడిగిన మొదటి మాట, "ఇంకెక్కడెక్కడున్నయ్ ఇసొంటివి?"

ఆమె పటం తీసి మేకల మధ్య నేలమీద పరిచింది. మల్ఖేడ్, బీజాపూరు, బాదామి, ఐహొళె. నాయినకు పేర్లు చదవడం రాకపోయినా రైలు గీతలు తెలుసు. వేలు పెట్టి, "గిది పెద్ద లైను. గీడ దిగి చిన్న లైను బండి ఎక్కాలె" అని ఆమెకు తెలుగులోనే చెప్పాడు. ఆమె తల ఊపింది.

సోమవారం మల్ఖేడ్ చూశాం. పాత కోట, కాగిణా నది, జైనుల గుడి. నేనేమీ సరిగా చూడలేదు. మధ్యాహ్నం బండి నా తలలో మోగుతూనే ఉంది. మరునాడు బడి. స్టేషనుకు వచ్చి బండి కోసం నిలబడ్డాక నాయిన నా పక్కకు వచ్చాడు.

"నువ్వు పో బిడ్డా. నేను జర ముందుకు పోయొస్త."

నాకు అర్థం కాలేదు. "ముందుకంటే?"

"చెల్లె ఒక్కతే పోతున్నది. చిన్న లైను బండ్లు ఆమెకు తెల్వయి. బాదామి దాక చూపిచ్చి వస్త. పాసు ఉండనే ఉండె."

"అమ్మకేం చెప్పాలె?"

"గదే చెప్పు."

"నేనొస్త. నువ్వు ఇంటికి పో. నాకే గద పోవాలని ఉన్నది" అన్నాను. ఆయన నా మొహం చూశాడు. అంతవరకు ఆ సంగతి ఆయనకు తట్టలేదనుకుంటాను.

"నీకు బడి ఉన్నది బిడ్డా" అన్నాడు మెల్లగా. "నాకేమున్నది?"

తూర్పు బండి వచ్చింది. నేను ఎక్కాను. ఆమె కిటికీ దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకొని ఏదో చెప్పింది. ఇంజను చప్పుడులో వినబడలేదు. నేను మళ్లీ అడగలేదు కూడా. తాండూరు వచ్చేదాకా ఏడ్చాను. తాండూరు దాటాక ఏడుపు పోయి కోపం మిగిలింది. నా జీవితంలో ఒంటరిగా రైల్లో పోవడం అదే మొదటిసారని వికారాబాదులో దిగేటప్పుడు తెలిసింది.

అమ్మ వాకిట్లోనే ఉంది. "మీ నాయినేడి?"

చెప్పాను. అమ్మ మెట్టు మీద కూలబడింది. లేచి పోయి, నాయిన కోసం వండిన అన్నం మూతపెట్టింది.

ఊరు ఊరుకోదు కదా. ముసలాయన తెల్లదొరసాని వెంట లేచిపోయాడని నల్లా దగ్గర, స్టేషను దగ్గర, చివరికి బడిలో కూడా అనుకున్నారు. ఒక పక్కింటామె ఓదార్పు పేరుతో వచ్చి, "అక్కా, గంత వయసుల గిదేం బుద్ధే" అంది. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూనే, "ఆయన చెల్లెతోని పోయిండు. చెల్లెను అత్తగారింటికి తోలిరానీకె అన్న పోడా?" అంది. పక్కింటామె పోయాక చాట నేలకేసి కొట్టింది.

పది రోజులు గడిచాయి, పదిహేను గడిచాయి. ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. నేను బడిలో ఒక పాఠం మొదలుపెట్టి ఇంకో పాఠంలోకి పోయేదాన్ని. విచిత్రం ఏమిటంటే, అమ్మ సాయంత్రాలు స్టేషనుకు రావడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లు పట్టాల పక్కన బతికి కూడా బండి వైపు తలెత్తి చూడని మనిషి. నా పక్కన బెంచీ మీద కొంగు కప్పుకొని కూర్చునేది. పడమటి నుంచి వచ్చే బండిలోంచి దిగేవాళ్లనందరినీ చూసేది. ఒకరోజు బండి వెళ్లిపోయాక కూడా లేవలేదు.

"గీ బండి యాడికి పోతది?" అంది.

"సికింద్రాబాదుకు."

"ఆడికెల్లి?"

"ఎన్నో బండ్లుంటయి. ఎక్కడికన్న పోవచ్చు."

"ఊఁ" అంది.

నాయిన ఒక పొద్దున వచ్చాడు. గడ్డం పెరిగి, నల్లబడి, సగం చిక్కి ఉన్నాడు. వీపు మీద ఖాకీ గుడ్డ సంచి, రెండు భుజాలకూ పట్టీలు. బీజాపూరులో దర్జీ చేత ఆమె సంచి చూపించి కుట్టించుకున్నాడట. అమ్మ నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది, మాట మాత్రం కలపలేదు. ఆయన చెప్పిందంతా నాకే చెప్పాడు. బాదామిలో ఎర్రటి కొండను తొలిచి చేసిన గుళ్లున్నాయి. ఐహొళెలో ఊరినిండా గుళ్లే, కొన్నిట్లో మనుషులు కాపురముంటున్నారు. బాదామిలో చెల్లెకు జ్వరం వచ్చింది. సత్రంలో నాలుగైదు రోజులు కదలలేదు. నాయిన సత్రం వంటామెను బతిమాలి గంజి కాయించి తాగించాడు, డాక్టరును తెచ్చాడు.

"జొరంల వాళ్ల అమ్మను పిలిచింది. నాకు ఆ భాష తెల్వదు గాని, గదొక్క మాట తెలుస్తది గద" అన్నాడు. "తగ్గినంక మస్తు నిద్రపోయింది. లేచి, గుడి ముందటి మెట్ల మీద పొద్దుమీకె దాక కూసున్నది. గంతసేపు కూసున్నది చూసుడు గదే మొదలు. గప్పుడు నేను, ఇగ ఫికర్ లేదు అనుకున్న."

ఆమెను బొంబాయి పోయే బండి ఎక్కించి ఆయన తిరిగొచ్చాడు. ఆమె సంగతి తర్వాత మాకు తెలియదు.

అమ్మ మాట్లాడింది మూడో రోజు. నాయిన పెరట్లో స్నానానికి నీళ్లు తోడుకుంటున్నాడు.

"ఇన్నేండ్ల సంది పాసులు తెచ్చి పెట్టెల పెట్టినవు. నన్నెన్నడన్న వస్తవా అని అడిగినవా?"

నాయిన చెంబు పట్టుకొని నిలబడిపోయాడు. "నువ్వు రావనుకున్న. ఇల్లు ఇడిసి ఒక్క పూట ఉండవు గద."

"అడిగి చూసినవా?"

"లేదు."

"నేను రాననుకొని నువ్వు పోలేదు. నువ్వు పోతలేవని నేను అడగలేదు. మంచిగున్నది ముచ్చట."

"ఇప్పుడు పోదాం" అన్నాడు నాయిన. "వచ్చే నెల పోదాం. బాదామి చూపిస్త."

"నువ్వు చూసినతానికి నేనెందుకొస్త? నువ్వు చూడనితానికి పోత. నీతోని కాదు, బిడ్డతోని పోత."

కోపంలో అన్నమాట, చల్లారిపోతుందనుకున్నాను. చల్లారలేదు. స్టేషనులో దిగిన ఒక బైరాగి దగ్గర అమ్మ పశుపతినాథుడి గురించి విన్నది. మంచు కొండల నడుమ ఉంటాడని, అది వేరే దేశమని, వేరే రాజు ఉన్నాడని. "గాడికే పోదాం" అంది. ఎండకాలం సెలవులు రాగానే బయల్దేరాం. నాయిన ఏ జంక్షనులో ఏ బండి మారాలో నాకు వారం రోజులు వల్లె వేయించాడు. తన ఖాకీ సంచి అమ్మకిచ్చాడు. అమ్మ చీర కొంగు బిగించి, సంచి వీపుకు తగిలించుకొని వికారాబాదు వీధిలో నడిచింది. నల్లా దగ్గర ఎవరూ మాట్లాడలేదు. ఇంటి దగ్గర కోళ్లనూ వంటనూ చూసుకోవడానికి నాయిన ఉండిపోయాడు.

రైళ్లలో ఎన్ని రోజులు పోయామో, ఎన్ని బండ్లు మారామో అమ్మకు పట్టలేదు. కిటికీ ఇవ్వకపోతే ఎవరితోనైనా తగువు పెట్టుకునేది. రక్సౌల్‌లో దిగి, టాంగాలో వంతెన దాటితే నేపాలం. "గింతేనా?" అంది అమ్మ వెనక్కి చూసి. "పరదేశమంటే సముద్రమన్న దాటాలె అనుకున్న." కొండదారిలో బస్సు ఒక్కో మలుపూ తిరుగుతుంటే ఇద్దరం వాంతులు చేసుకున్నాం. మా దక్కనీ ఉర్దూ అక్కడ మస్తు అక్కరకొచ్చింది. అమ్మ "జర రుకో భాయి" అంటే డ్రైవరు ఆపేవాడు.

పశుపతినాథుణ్ణి చూశాక అమ్మకు తృప్తి కలిగి ఇంటికి పోదామంటుందనుకున్నాను. "ఇంకెక్కడున్నయ్ పాతవి?" అంది. ధర్మశాలలో ఎవరో చంగు నారాయణుడి గురించి చెప్పారు. భాత్‌గావ్ నుంచి పొలాల గట్ల మీదుగా నడిచి, కొండ ఎక్కాలి. గోధుమలు కోసిన మళ్లలో ఆడవాళ్లు మమ్మల్ని చూసి నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. సంచి నేను మోస్తానంటే ఇవ్వలేదు.

కొండమీద చిన్న వాకిలి, నడుమ రెండంతస్తుల కప్పు ఉన్న గుడి. దాని ముందు మోకాలి మీద కూర్చొని చేతులు జోడించిన రాతి గరుత్మంతుడు. మనిషి మొహమే. ఆ మొహం అరిగిపోలేదు. అమ్మ దాని ఎదురుగా ఇటుకల నేల మీద కూర్చుంది. కాళ్లు చాపుకుంది. మా ఇంట్లో పగటిపూట అమ్మ కాళ్లు చాపుకొని కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

"మీ నాయినకు చెప్పాలె గీ ముచ్చట" అంది. "నన్నిడిసి తిరిగిండు గని, గిది చూడలే."

నేను గుడి చుట్టూ తిరుగుతున్నాను. ఒకసారి తిరిగి, మళ్లీ తిరిగి, వాకిలి అంచుకు పోయి కొండ అవతలికి చూశాను. కింద ఒక నది, దాని అవతల ఇంకో వరస కొండలు, వాటి పైన మబ్బో మంచో తెలియని తెలుపు. సెలవులు ఇంకెన్నాళ్లున్నాయో లెక్కేసుకుంటున్నాను.

"ఇటు రా. కూసో" అంది అమ్మ.

వచ్చి కూర్చున్నాను. కాసేపటికి లేచాను.

"గా తెల్లామెలెక్కనే అయితున్నవ్" అంది. తిట్టినట్టు లేదు. "నీకేం గావాలె బిడ్డా?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అమ్మ ఎక్కువ అడగలేదు. "ఏమన్న గాని, మాకోసరం వికారాబాదుల ఉండకు. మేం ఇద్దరం ఉంటం. మీ నాయినకు ఇప్పుడు వంట గూడ వచ్చింది" అంది.

తిరిగొచ్చాం. నాయిన స్టేషనుకు వచ్చాడు. అమ్మ ఆయనతో ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉంది. మా ఇంట్లో అమ్మ చెప్పడం, నాయిన వినడం అప్పటి నుంచే మొదలైంది. తర్వాతి ఏళ్లలో వాళ్లిద్దరూ కలిసి కాశీకి పోయారు, రామేశ్వరానికి పోయారు. పాసు గడువు మళ్లీ ఎన్నడూ తీరిపోలేదు.

నేను బదిలీకి దరఖాస్తు పెట్టాను. దూరంగా ఎక్కడైనా ఇస్తారనుకుంటే తాండూరు ఇచ్చారు. నాయిన పడీ పడీ నవ్వాడు. "నేపాలం దాక పోయొచ్చినవు, ఇల్లిడిసి పోయేది తాండూరుకా?" అన్నాడు. చాచా వాళ్ల ఇంటి పక్కనే గది చూసుకున్నాను. చాచి మొదటిరోజే రొట్టెలు పంపింది.

తాండూరులో నా మొదటి ఆదివారం గదిలో ఉండలేక బస్టాండు వైపు నడిచాను. ఒక బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కాక అడిగితే కొడంగల్ పోతుందన్నారు. అక్కడ దిగి, అంగడిలో కాసేపు తిరిగి, వేయించిన పల్లీలు కొనుక్కొని తింటూ అదే బస్సులో వెనక్కి వచ్చేశాను. కొడంగల్‌లో చూడాల్సిన గుడి ఒకటి ఉందని సోమవారం బడిలో తోటి టీచరు చెప్పింది.